ముస్తాక్ అలీ ట్రోఫీకి జనాన్ని రానివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 డిసెంబరు మొదట్లో సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర కనిపించిన సందడి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గాయం నుంచి కోలుకున్న హార్దిక్ పాండ్యా, దేశవాళీ జట్లు తలపడే సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 ట్రోఫీలో బరోడాకు ఆడాడు. అభిమానులు ఎగబడటంతో గుజరాత్‌తో బరోడా ఆడాల్సిన మ్యాచ్‌ను ఉప్పల్ స్టేడియానికి మార్చారు.

అంటే, కావాలనుకుంటే ఉప్పల్‌లో పెట్టొచ్చన్నమాట. మరి అంత పేరున్న ఆటగాడు వస్తే తప్ప ఆ ఆలోచన ఎందుకు రాదు? అంతకు కొద్ది రోజుల ముందే ఇదే నగరంలో, ఇదే ట్రోఫీలో బెంగాల్ మీద అభిషేక్ శర్మ 52 బంతుల్లో 148 కొట్టాడు, పంజాబ్ 310 పరుగులు చేసింది. ఐపీఎల్‌లో అలాంటి ఇన్నింగ్స్‌కి టికెట్టు దొరకాలంటే ఎన్ని తిప్పలు పడాలో అందరికీ తెలుసు. అది మన ఊళ్లోనే జరిగిందని మరునాడు పేపర్లో చదివి నాలుక కరుచుకున్నవాళ్లలో నేనొకణ్ణి.

మా వీధి పిల్లల్ని అడిగితే ఐపీఎల్ పది జట్ల పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ముస్తాక్ అలీ ట్రోఫీ అంటే మాత్రం "అదేంటంకుల్?" అంటారు. వాళ్లను అని లాభం లేదు. ఐపీఎల్ వేలానికి ఫ్రాంచైజీలు కుర్రాళ్లను వెతుక్కునే చోట్లలో ఇదొకటి. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు ఇంకొకణ్ణి దించే ఇంపాక్ట్ ప్లేయర్ పద్ధతిని కూడా 2022లో ముందు ఇక్కడే ఆడించి చూసి, తర్వాత ఐపీఎల్‌కి తీసుకెళ్లారు. తిలక్ వర్మ 2024 నవంబరులో హైదరాబాద్ తరఫున మేఘాలయ మీద 67 బంతుల్లో 151 చేసిందీ ఈ ట్రోఫీలోనే. అంతకుముందు దక్షిణాఫ్రికాలో కొట్టిన రెండు సెంచరీలతో కలిపి టీ20ల్లో వరసగా మూడోది.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ కొట్టిన తొలి భారతీయుడైన ముస్తాక్ అలీ జనం మనిషి. ఒకసారి ఆయన్ను జట్టులోంచి తప్పిస్తే, ముస్తాక్ లేకపోతే టెస్టే లేదని కలకత్తా ప్రేక్షకులు గొడవకు దిగారు. ఆయన పేరు పెట్టుకున్న టోర్నీని జనం లేకుండా ఆడించడం నాకైతే మింగుడుపడదు.

పెద్ద ఖర్చేమీ అడగడం లేదు. హైదరాబాద్, ఆంధ్ర జట్ల మ్యాచ్‌లు సొంతగడ్డ మీద పడినప్పుడు పెద్ద స్టేడియంలో ఒక్క స్టాండ్ తెరిచి, ఉచితంగా రానిస్తే చాలు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గేటు అన్నది వారం ముందే తెలుగులో ప్రకటించాలి. మంచినీళ్లు, మరుగుదొడ్లు సరిగా ఉండాలి. 2022లో భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం ఇదే జింఖానాలో జరిగిన తొక్కిసలాట మర్చిపోకూడదు కాబట్టి పోలీసులకూ ముందే చెప్పుకోవాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఐపీఎల్ రోజుల్లో పేజీలకు పేజీలు ఇస్తారు కదా, ఈ రెండు జట్లు ఆడిన రోజు పూర్తి స్కోరుకార్డు వేయండి. చిన్న అక్షరాల్లో అయినా ఫర్వాలేదు, కళ్లద్దాలు పెట్టుకుని చదువుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్