షుగరు పుస్తకంలో కంటికీ ఒక గడి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మధుమేహ రోగులకు నెలనెలా మందులు అందుతున్నా, ఆ జబ్బు కంటి వెనుక ఉండే రెటీనాను దెబ్బతీస్తోందో లేదో చూసే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఈ లోటును వైద్య ఆరోగ్య శాఖ దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మందుల కిటికీలోంచి రోగులు అందించే పుస్తకంలో షుగరు, బీపీ అంకెలు, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్ పేర్లు, తేదీ ఉండేవి. కంటి గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. కళ్లు చూపించుకున్నారా అమ్మా అని అడిగితే, "బానే కనబడుతున్నాయి బాబూ, దేనికి?" అనేవారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిని కారుతున్నా, ఆ వాపు చూపు కేంద్రానికి పాకేదాకా, లేదా కొత్తగా పుట్టిన బలహీనమైన నాళాలు చిట్లి కంట్లో రక్తం నిండేదాకా రోగికి ఏమీ తెలియకపోవచ్చు. అక్షరాల చార్టు చదివించి కళ్లజోడు ఇచ్చే శిబిరాలు ఎంతో మేలు చేస్తున్నాయి, కాదనను. కానీ ఈ జబ్బు చార్టుకు దొరకదు. చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి చూడాలి, లేదా ఫండస్ కెమెరాతో రెటీనా ఫొటో తీయాలి.

ఎవరికి ముప్పు ఎక్కువో తెలుసుకోవడానికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద కారణం షుగరు వచ్చి ఎన్నేళ్లయిందన్నదే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో, షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటిన టైప్ 2 (ఎక్కువగా పెద్దవయసులో వచ్చే రకం) రోగుల్లో సగానికి పైగా మందిలో రెటీనా జబ్బు ఏదో ఒక స్థాయిలో కనిపించింది. ఆ తరువాతిది మూడు నెలల షుగరు సగటు. మనవాళ్లు అంతగా పట్టించుకోనిది బీపీ. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, రక్తపోటు సగటున 154/87 ఉన్నవారితో పోలిస్తే దాన్ని 144/82కి తగ్గించినవారిలో రెటీనా జబ్బు ముదిరే ముప్పు 34 శాతం తగ్గింది. అంటే బీపీ బిళ్ల మానేసిన షుగరు రోగి గుండెతో పాటు కంటినీ ప్రమాదంలో పెట్టుకుంటున్నాడన్నమాట. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారిని, రక్తహీనత ఉన్నవారిని, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారిని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి.

రెండు సందర్భాలను మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ముందునుంచే షుగరు ఉన్న స్త్రీ గర్భవతి అయితే రెటీనా జబ్బు వేగంగా ముదరవచ్చు కాబట్టి, మొదటి మూడు నెలల్లోనే కళ్లు పరీక్షించాలి. ఏఎన్ఎం నమోదు చేసే గర్భిణుల వివరాల్లో ఇది కూడా చేరాలి. అలాగే ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరును ఇన్సులిన్‌తో ఒక్కసారిగా దించినప్పుడు కొందరిలో కంటి జబ్బు తాత్కాలికంగా పెరుగుతుంది. అందుకని ఇన్సులిన్‌కు భయపడి మానుకోకూడదు, మొదలుపెట్టేముందు కళ్లు చూపించుకోవాలి.

2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. అందరినీ ఒకేసారి కంటి డాక్టరు దగ్గరికి పంపడం సాధ్యం కాదన్నది నిజమే. కనుక షుగరు వచ్చి పదేళ్లు దాటినవారిని, బీపీ, కిడ్నీ జబ్బు కూడా ఉన్నవారిని, గర్భిణులను పుస్తకం చూసి ముందుగా పంపవచ్చు. మిగిలినవారిని, టైప్ 2 అయితే జబ్బు బయటపడిన నాటినుంచే, ఏటా ఒకసారి చూడాలి. ఇంగ్లండు 2003లో ఇలాంటి వార్షిక ఫొటో పరీక్షలు మొదలుపెట్టింది. పనిచేసే వయసువారిలో అంధత్వానికి అక్కడ దశాబ్దాలుగా మొదటి కారణంగా ఉన్న ఈ జబ్బు 2010 నాటికి ఆ స్థానం నుంచి దిగిపోయింది.

ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒక ఫండస్ కెమెరా, ఫొటో తీయడం నేర్చిన ఆప్తాల్మిక్ అసిస్టెంటు, ఆ ఫొటోలు చూసి చెప్పే జిల్లా స్థాయి కంటి వైద్యుడు ఉండేలా ప్రభుత్వం చూడాలి. లేజర్ లేదా ఇంజెక్షన్ అవసరమైనవారికి తేదీ ఇచ్చి, వారు వెళ్లారో లేదో ఆశా కార్యకర్త ద్వారా కనుక్కోవాలి. వీటికి నిధులు మంజూరయ్యేలోగా, వచ్చే విడత అచ్చువేసే పుస్తకాల్లో "రెటీనా పరీక్ష జరిగిన తేదీ" అనే గడినైనా చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
నల్గొండ జిల్లా