ఏ వైపు పన్ను ఇచ్చావో రాయి

చిరంజీవి సుధకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్న కళ్లజోడు మార్చారు. శ్రీను కొత్త ఉద్యోగంలో చేరాడు. నువ్వు ఫోన్ ఎత్తి మాత్రం పద్దెనిమిది రోజులైంది. మెసేజ్ కింద బొటనవేలి బొమ్మ పెడితే దాన్ని నేను జవాబు అనుకోను.

మొన్న రాజ్యం పిన్ని వచ్చింది. మాటల మధ్యలో, క్లిప్పుల కోసం నువ్వు తీయించుకోవాల్సిన పళ్లలో ఒకటి మీ ల్యాబ్‌లో పంటి ఫిల్లింగ్ మెటీరియల్ పరీక్షకే ఇచ్చావని చెప్పింది. నిజమేనా? నాకు ఆవిడ నోటివెంట తెలియాలా?

సరే, అది ఉంచు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? నీ పెద్ద స్వెట్టర్ ఇక్కడే మర్చిపోయావు, పంపిస్తాను.

ఆ పరీక్ష చెడ్డదని నేను అనను. ఇరవై ఏడేళ్లు అలాంటి పళ్లను కోసి స్లైడ్ల మీద పరిచాను. గాజు పళ్లెంలో పెంచిన చిట్టెలుక కణాలు చెప్పేది సగం మాటే. లవంగ నూనెలోని యూజినాల్ కలిపిన జింక్ ఆక్సైడ్ సిమెంట్ ఆ పళ్లెంలో కణాలను చంపేస్తుంది. పంటిలో, కింద కాస్త డెంటిన్ (ఎనామెల్ కింది గట్టి పొర) మిగిలి ఉంటే, ఆ సిమెంటే నొప్పిని తగ్గిస్తుంది. అందుకే పళ్ల మెటీరియళ్లు ఒంటికి పడతాయా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7405లో బతికున్న పంటి పరీక్షకూ చోటిచ్చారు. మనుషుల్లో అయితే, ఎలాగూ తీసేసే ఆరోగ్యమైన ప్రీమోలార్‌లో (కోరపంటి వెనక పన్ను) గుంట తొలిచి, మెటీరియల్ నింపి, కొన్ని పళ్లను వారంలోపు, కొన్నిటిని రెండు నెలలు దాటాక తీసి, పంటి లోపలి మెత్తటి కణజాలమైన పల్ప్‌లో వాపు ఉందా, డెంటిన్ కట్టే ఓడోంటోబ్లాస్ట్ కణాల వరుస చెదిరిందా అని చూస్తారు. పళ్లు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆ ఒకరు నువ్వే ఎందుకయ్యావన్నదే నా టెన్షన్.

పరీక్ష నడిపేది మీ గైడ్. నీ థీసిస్ మీద సంతకం పెట్టేదీ ఆయనే. ఆయన నోరు తెరిచి అడక్కపోయినా కాదనడం కష్టం. ఇలాంటి చోట సంబంధం లేని వేరే మనిషి ఒప్పుదల అడగాలని వైద్య పరిశోధనల నీతి నియమాలైన హెల్సింకీ ప్రకటన చెబుతోంది. నిన్ను ఎవరు అడిగారు? కాగితం ఇంటికి తెచ్చుకుని చదివావా, లేక అక్కడే నిలబడి సంతకం చేశావా?

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక నెలంతా నేను రాత్రి పదింటికి ఇల్లు చేరేదాన్ని, గుర్తుందా? అప్పుడు మా ల్యాబ్‌కి ఒక కొత్త ఫిల్లింగ్ వేసిన పళ్లు వచ్చాయి. మెటీరియల్ ఒకటే, గుంటలు తొలిచిన డాక్టరూ ఒక్కరే. కొన్ని పళ్లలో పల్ప్ ప్రశాంతంగా ఉంది, కొన్నిటిలో చీము. పెద్ద డాక్టరుగారు మెటీరియల్ విషమని తేల్చి రిపోర్టు రాసేశారు. నాకు మనసొప్పలేదు. విషమే అయితే అన్ని పళ్లకూ తగలాలి కదా. గుంట అడుగున మిగిలిన డెంటిన్ కొలిచాను. దాదాపు అన్నిటిలో అర మిల్లీమీటరు పైనే ఉంది. లోతులో తేడా లేదు. మిగిలిన ముక్కలకు సూక్ష్మజీవుల కోసం బ్రౌన్-బ్రెన్ రంగు వేశాను. మొదటిసారి ఎక్కువ కడిగేసి అన్నీ పాలిపోయాయి. రెండోసారి రంగు మరీ చిక్కబడింది. మూడో రాత్రి ఫిల్లింగ్‌కీ గుంట గోడకీ మధ్య నీలం చుక్కలు వరసగా కనిపించాయి. చీము పట్టిన పళ్లలోనే. బాగున్నవాటిలో ఒక్కటీ లేదు. ఫిల్లింగ్ కుంచించుకుపోయి, ఆ సందులోంచి క్రిములు దిగాయి.

టెక్నీషియన్ మాట ఎవరు వింటారని భయపడుతూనే స్లైడ్ తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు చూసి, రిపోర్టు పక్కన పెట్టి, కాకెహషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు 1965లో చేసిన ఎలుకల పని గురించి చెప్పారు. క్రిములు లేకుండా పెంచిన ఎలుకల పళ్లను పల్ప్ దాకా తెరిచి వదిలేసినా మానిపోయి, పైన డెంటిన్ వంతెన కట్టింది. మామూలు ఎలుకల్లో పల్ప్ చచ్చిపోయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నీ పంటిలో ఎంత లోతు తొలిచారు? ఎంత డెంటిన్ మిగిల్చారు? ఫిల్లింగ్ రెజిన్ అయితే, అది గట్టిపడేలా లైట్ పూర్తిగా పట్టించారా? రెజిన్‌లో గట్టిపడకుండా మిగిలే హెమా లాంటి రసాయనాలు పలచని డెంటిన్ గుండా లోపలికి దిగుతాయని నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాను. చల్లనీళ్లకు జివ్వుమంటే కొన్నాళ్లు చూడొచ్చు. ఏమీ తగలకుండా రాత్రిపూట దానంతటదే నొప్పి లేస్తే ఓర్చుకోకు, వెంటనే చెప్పు. ఏ రోజైనా తప్పుకోవచ్చని ఆ కాగితంలోనే ఉంటుంది. థీసిస్ లెక్కలో ఒక పన్ను తగ్గితే తగ్గనీ. ఇంకొకటి, నీ పంటి స్లైడ్ నువ్వే చదవకు. నంబరు మాత్రమే తెలిసిన మరొకరి చేత చదివించు.

నీకు ఆరేళ్లప్పుడు మొదటి పాలపన్ను ఊడితే ఏడవలేదు. నా చేతిలో పెట్టి, లోపల ఏముందో చూపించమన్నావు. వేరు కరిగి ఊడిన పంటిలో పెద్దగా ఏమీ మిగలదని చెప్పినా వినకపోతే, ల్యాబ్‌కి పట్టుకెళ్లి మెత్తబరిచి కోసి తెచ్చాను. ఆ స్లైడ్ బీరువాలో ఉంది. నిన్న తీసి తుడిచాను.

పన్ను తీసే తేదీ ముందుగా చెప్పు, నేను వస్తాను. ఏమీ అడగను, బయట బెంచీ మీద కూర్చుంటాను. ఆ రోజు గట్టిగా పుక్కిలించకు, రక్తం గడ్డ ఊడిపోతుంది. క్లిప్పులు పడ్డాక మెత్తటి బ్రష్ వాడు. స్వెట్టర్ సోమవారం పంపుతున్నాను, అందగానే ఫోన్ చెయ్యి.

నీ అమ్మ

ఇంతకీ ఎడమ వైపా, కుడి వైపా?