వీఎల్‌సీ: అప్‌డేట్ బటన్ నొక్కితే సరిపోదు

సంపాదకులకు,

ఉచిత మీడియా ప్లేయర్ వీఎల్‌సీ గురించి మీ సాంకేతిక పేజీలో ఇచ్చిన వివరాలు బాగున్నాయి. అయితే, హెల్ప్ మెనూలో ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కితే చాలన్న సలహా కొన్ని విండోస్ కంప్యూటర్లలో పనిచేయదు. 2021లో వచ్చిన 3.0.12, 3.0.13 వెర్షన్లలో అప్‌డేటర్‌లోనే లోపం ఉంది. కొత్త ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది కానీ ఇన్‌స్టాలర్ తెరుచుకోదు. 3.0.14లో దీన్ని సరిచేశారు. కానీ ఆ 3.0.14 అందుకోవాల్సింది చెడిపోయిన దారిలోనే. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టు!

దీనికి తోడు మన దేశంలో 2022 ఫిబ్రవరి నుంచి వీఎల్‌సీని తయారుచేసే వీడియోల్యాన్ సంస్థ వెబ్‌సైటు చాలామందికి తెరుచుకోలేదు. డిజిటల్ హక్కుల సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోల్యాన్ లీగల్ నోటీసు పంపాక, నవంబరులో గానీ అడ్డు తొలగలేదు. ఆ నెలల్లో ఎవరికి దొరికిన చోటు నుంచి వాళ్లు దించుకున్నారు. అలా తెచ్చుకున్నదైతే తీసేసి, వీడియోల్యాన్ డాట్ ఓఆర్‌జీ నుంచే మళ్లీ వేసుకోవడం మేలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ అనుమతి అడిగే పెట్టెలో పబ్లిషర్ పేరు వీడియోల్యాన్ అని ఉండాలి. లేకపోతే అక్కడే ఆపేయండి.

ముందుగా హెల్ప్‌లోని ‘అబౌట్’లో వెర్షన్ చూసుకోండి. 3.0.21 కన్నా పాతదైతే మార్చాల్సిందే. 2024 జూన్‌లో వచ్చిన ఆ వెర్షన్‌లో ఎంఎంఎస్ (మైక్రోసాఫ్ట్ పాత మీడియా ప్రసార పద్ధతి) స్ట్రీముల ద్వారా దాడికి వీలిచ్చే లోపాన్ని పూడ్చారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. పాతది 32-బిట్, కొత్తది 64-బిట్ అయితే రెండూ వేర్వేరు ఫోల్డర్లలో కూర్చుంటాయి; వీడియో మీద డబుల్ క్లిక్ చేస్తే పాతదే తెరుచుకోవచ్చు. అందుకే కంట్రోల్ ప్యానెల్‌లో పాతదాన్ని తీసేశాకే కొత్తది వేయాలి. కోడెక్ ప్యాకులు (రకరకాల వీడియో, ఆడియో ఫైళ్లను విప్పే అదనపు సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, అవన్నీ వీఎల్‌సీలోనే ఉంటాయి.

‘అప్‌డేట్ చేశాక బొమ్మ పాడైంది’ అనే ఫిర్యాదు తరచూ వింటుంటాం. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 3.0 నుంచి వీడియోను విప్పే పని వీలైనంత వరకు గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తున్నారు. 4కే వీడియో సాఫీగా ఆడేది అందుకే. కానీ ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, పాతదైతే ఆకుపచ్చ మచ్చలు, ఆగి ఆగి కదలడం మొదలవుతాయి. డ్రైవర్ అప్‌డేట్ చేసినా పోకపోతే కంట్రోల్, పి కలిపి నొక్కి, ఇన్‌పుట్/కోడెక్స్‌లో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్’ను డిజేబుల్ చేసి, సేవ్ కొట్టి, ప్లేయర్ మూసి తెరవండి. భారం ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ కాస్త అరుస్తుంది. నెట్‌వర్క్ ద్వారా చూసేది ఆగుతుంటే మాత్రం ఇది మందు కాదు. అదే పేజీ చివర క్యాషింగ్‌ను (వీడియోను ముందుగా కొంత నిల్వ చేసుకోవడం) ‘హయ్యర్ లేటెన్సీ’కి మార్చాలి.

తెలుగు సబ్‌టైటిళ్ల వాళ్లకు 3.0 చేసిన మేలు పెద్దది, దాని గురించి రాసేవాళ్లే తక్కువ. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్‌ను అందులో చేర్చారు. అది లేకపోతే ‘లక్ష్మి’లో క, ష, మి ఒత్తులుగా కలవక పొల్లులతో విడివిడిగా నిలబడతాయి. ఇప్పటికీ తెరమీద డబ్బాలు కనిపిస్తే తప్పు ఫాంటుది: ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీకి వెళ్లి నిర్మల యూఐ ఎంచుకోండి, విండోస్ 7లో అయితే గౌతమి. పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తే తప్పు ఎన్‌కోడింగ్‌ది, అంటే ఫైలులో అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతిది. అదే పేజీలో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చేయండి. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే ఏ సెట్టింగూ పనిచేయదు. ఎవరో ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్ ‘ఏఎన్‌ఎస్‌ఐ’గా సేవ్ చేశారు, తెలుగు అప్పుడే పోయింది, వేరే ఫైలు వెతుక్కోవాలి. మాటకూ సబ్‌టైటిల్‌కూ పొంతన తప్పితే జీ నొక్కితే సబ్‌టైటిల్ త్వరగా, హెచ్ నొక్కితే ఆలస్యంగా వస్తుంది, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది.

– ఒక పాఠకుడు, హనుమకొండ