కోటలో చదివాను, కోటను చూడలేదు

విశాఖపట్నం,
ఆదివారం.

చిరంజీవి బాబుకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి దగ్గు తగ్గింది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మళ్లీ మొదలుపెట్టారు. నువ్వు ఎడింబరో కోట నుంచి పంపిన ముప్పై రెండు ఫొటోలూ కళ్లద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. చివరి ఫొటో కింద నువ్వు రాసిన మాట, "మన వైపు ఇలాంటివేమీ లేవు కదమ్మా" అన్నది, నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఫోనులో చెప్పబోతే సరిగ్గా అప్పుడే నీకు బస్సు వస్తుంది, నాకు కుక్కరు కూస్తుంది. కుదురుగా చెప్పవలసిన మాట కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు అలా అనుకోవడంలో తప్పు నీది కాదు, నాదే. నేను డిగ్రీ చదివింది విజయనగరం కోటలో. కోట పక్కన కాదు, కోట లోపల. మహారాజా మహిళా కళాశాల అప్పుడూ ఇప్పుడూ ఆ ప్రాకారాల మధ్యనే ఉంది. మూడేళ్లపాటు, సెలవులు పోను, ప్రతిరోజూ నగార్‌ఖానా ఉన్న సింహద్వారం కిందుగానే క్లాసుకు వెళ్లాను గానీ, ఒక్కనాడైనా తలెత్తి ఆ ద్వారాన్ని చూసిన జ్ఞాపకం లేదు. గుర్తున్నవి వేరు. ఏప్రిల్ ఎండలో వచ్చి ఆ కమాను కింద అడుగు పెట్టగానే తడిబట్ట కప్పినట్టు ఒంటికి తగిలే చల్లదనం ఒకటి. పావురాల రెట్టలు మీద పడకుండా పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తడం ఒకటి. పెచ్చులూడిన సున్నపు గచ్చు మీద జడపిన్నుతో నా హాల్ టికెట్టు నంబరు గీకడం మరొకటి. ఈ చివరిది నీకు ఇంతవరకు చెప్పలేదు. పాత కట్టడాల మీద పేర్లు చెక్కేవాళ్లను నువ్వు తిట్టినప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది అందుకే.

ఆ కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు విజయ నామ సంవత్సరం, తిథి విజయదశమి, వారం జయవారమైన మంగళవారం, రాజుగారి పేరు విజయరామరాజు, ఊరు విజయనగరం. ఇలా అయిదు విజయాలు కలిసి వచ్చాయని మా ఊళ్లో పసిపిల్లలు కూడా అప్పజెబుతారు. ముప్పై అడుగులకు పైబడిన గోడలు, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం, ద్వారం మీద పెద్దల రాకను చాటే నగారా. లోపల 1869లో దర్బారు కోసం కట్టిన మోతీమహల్. నీ కోట చల్లారిన అగ్నిపర్వతపు రాతి మీద నిలబడింది, మాది చదునైన నేల మీద నలుచదరంగా కూర్చుంది. కాబట్టి ఆకారంలో పోటీకి దిగను. దిగితే ఓడిపోతాను కూడా.

నేను చెప్పదలచుకున్నది కోటను చూసే తీరు గురించి. ఏ కోటకు వెళ్లినా ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని అడుగుతాం. పలక మీద రాసి ఉంటుంది, చదువుకుని ముందుకు నడుస్తాం. ఇది ఎలా పోయింది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి, ఏ వాకిలి గుండా పోయింది అని అడిగితే మాత్రం అవే రాళ్లు వేరేగా కనిపిస్తాయి. నీ ఫొటోలు వచ్చిన మర్నాడు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి, స్కాట్లండ్ చరిత్ర పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నువ్వు నిలబడి నవ్విన కోట 1314లో ఎలా పోయిందో తెలుసా? అప్పుడది ఇంగ్లీషువారి చేతిలో ఉంది. దాన్ని పట్టుకోవడానికి వచ్చిన స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ మనుషుల్లో విలియం ఫ్రాన్సిస్ అనేవాడు ఒకప్పుడు ఆ కోటలోనే ఉండేవాడు. ఊళ్లో ఉన్న అమ్మాయిని కలుసుకోవడానికి రాత్రివేళ ఆ ఉత్తరపు కొండచరియ మీదుగా దిగి, తెల్లారేలోగా ఎక్కి వచ్చేవాడట. ఆ దారి అతని కాళ్లకు తెలుసు. సుమారు ముప్పై మందిని చీకట్లో అదే దారిన ఎక్కించాడు, కోట చేతికి వచ్చింది. వచ్చిన కోటను బ్రూస్ దాచుకోలేదు. మళ్లీ శత్రువుకు పనికి రాకూడదని గోడలు పడగొట్టించాడు. మీ నాన్నగారికి ఈ కథ చదివి వినిపిస్తే, "కాపలా పెట్టవలసింది చరియ మీద కాదు, కుర్రాడి మీద" అన్నారు.

ఇంకోసారి పోయింది నీళ్లవల్ల. 1571 నుంచి 1573 దాకా సాగిన ముట్టడి చివర ఇంగ్లండు నుంచి వచ్చిన ఫిరంగులు డేవిడ్ బురుజును కూల్చేశాయి, ఆ శిథిలాలు పడి లోపలి బావి పూడిపోయింది. ఎంత ఎత్తైన కొండ అయితేనేం, దాహానికి గడువు లేదు గదా. 1573 మే నెలలో తలుపులు తెరిచారు. ఆ బావి పేరు ఫోర్ వెల్, ఇప్పటికీ అక్కడ ఉంది. నీ ముప్పై రెండు ఫొటోల్లో కిరీటాల గది ముందు వరుస ఉంది, మాన్స్ మెగ్ ఫిరంగి మీద చెయ్యి వేసి నువ్వున్నావు, ఐస్‌క్రీము కూడా ఉంది. బావి లేదు. మళ్లీ ఎప్పుడైనా వెళితే దాని ఒడ్డున ఒక్క నిమిషం నిలబడి రా. అన్నట్టు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలే వీడియో మాత్రం చాలా బాగుంది. ఓడలవాళ్లు గడియారాలు సరిచూసుకోవడానికి 1861లో మొదలుపెట్టిన ఏర్పాటట అది. జీవితమంతా రేవులో పనిచేసిన మనిషి కాబట్టి నాన్నగారు మూడుసార్లు పెట్టించుకుని చూశారు.

ఇక మన వైపు సంగతి. దీనికి నేను మా అమ్మమ్మ గురించి చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి పక్క పల్లె. చదువు రాదు. నేను కాలేజీలో చేరిన ఏడు, పనసకాయల కాలంలో, పనసపొట్టు కూర ఆవపెట్టి వండి, క్యారేజీలో సర్దుకుని బస్సెక్కి విజయనగరం వచ్చింది. కోట వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి రమ్మని నేను, ఎండలో నిలబడవద్దని వాచ్‌మన్, ఎంత బతిమాలినా కదలలేదు. "ఆ గుమ్మం నేను తొక్కనమ్మా, నువ్వే ఇవతలకు రా" అంది. కూర తిన్న క్యారేజీ కడిగి ఇచ్చేదాకా రోడ్డుకు అవతల చెట్టు కింద కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. స్నేహితుల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. పల్లెటూరి చాదస్తమని విసుక్కున్నాను.

ఆవిడ తొక్కనన్న గుమ్మం వెనకాల 1757 జనవరి 24 ఉంది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఉత్తర సర్కారులకు వచ్చినప్పుడు, విజయనగరం పెద విజయరామరాజు అతన్ని తన చిరకాలపు పగదారైన బొబ్బిలి మీదికి తీసుకువెళ్లాడు. బొబ్బిలిది మట్టికోట. బుస్సీ ఫిరంగుల ముందు ఆ గోడలు నిలవలేదు, లోపలివాళ్లు లొంగలేదు; ఇక దారి లేదని తేలాక, శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపి, ఇళ్లకు నిప్పుపెట్టి, కత్తి పట్టి ఎదురు వెళ్లారు. తరువాత మూడు రాత్రులకు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయనను చంపి, తానూ చచ్చిపోయాడు. మా అమ్మమ్మ ఇదంతా పుస్తకంలో చదవలేదు. జంగం కథలో వింది, పొలంలో కలుపు తీస్తూ నెమరు వేసుకుంది, రెండు వందల ఏళ్లు దాటినా మొన్న జరిగినట్టే కోపం పెట్టుకుంది. ఆ రోజు ఆ వాకిలి దగ్గర ఉన్నవాళ్లలో కోటను నిజంగా చూసిన మనిషి, లోపలికి రానన్న ఆవిడ ఒక్కతే. నేను రోజూ లోపలే ఉన్నాను, నాకు పరీక్షల టైంటేబులు కనిపించింది.

ఆవిడకు తెలియనిది కూడా ఒకటుంది, లేక తెలిసి ఒప్పుకోనిది. చనిపోయిన విజయరామరాజుకు చెల్లెలు ఉండేది, పైడిమాంబ. అన్నను యుద్ధానికి వెళ్లవద్దని బతిమాలిందనీ, ఆయన మరణవార్త విని ప్రాణం విడిచిందనీ చెబుతారు. ఆవిడే పైడితల్లి అమ్మవారు. విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను కొసన పూజారి కూర్చుంటే, ఆ మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశీకులు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. లక్షల జనం మధ్య ఆ మాను కోట ముందు ఆగినప్పుడు, బొబ్బిలి వెళ్లవద్దని చెప్పిన ఆడపడుచు ఇంకా ఆ మాటే చెప్పడానికి వస్తోందా అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, చరిత్ర కాదు. ఎవరి ముందూ అనకు.

బొబ్బిలిలో ఆ పాత కోట లేదు. ఒక స్మారక స్తంభం ఉంది. చూడడానికి ఏమీ లేని చోటును చూడడానికే అక్కడికి వెళ్లాలి. వచ్చేదారిలో గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర ఆగుదాం; ఒకే పనస దుంగను తొలిచి కాయా దండీ కలిపి చేస్తారు, ఉలి చప్పుడు వీధి మొదట్లోనే వినిపిస్తుంది. పద్మనాభం మనకు మరీ దగ్గర. 1794 జూలై 10న అక్కడ ఆరుబయట, గంట కూడా పట్టని పోరులో చిన విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. అంత పెద్ద కోట కట్టుకున్న వంశంవాడు చివరికి గోడల చాటున కాదు, కొండ కింద మైదానంలో నేలకొరిగాడు. ఆ కొండ మెట్లు వెయ్యికి పైనే. నువ్వు ఎక్కు, నేను కింద గుడి దగ్గర కూర్చుంటాను. ఇక మన వన్‌టౌన్‌లో కోట వీధి అని ఉంది, కోట లేదు. 1682లో ఇంగ్లీషువారు వర్తకశాల పెట్టుకున్న పాత ఊరు అదే. చిన్నప్పుడు ఆ వీధిలోంచి ఎన్నిసార్లు తీసుకువెళ్లానో, ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్కసారీ చెప్పలేదు.

దసరాకు వస్తానన్నావు గదా. నీ విమానం ఎలాగూ హైదరాబాదులోనే దిగుతుంది. మేమిద్దరం ముందురోజు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి నిన్ను కలుస్తాం, ఒక పూట గోల్కొండకు కేటాయిద్దాం. ఆ కోట నీకు నేను బాకీ. నీకు తొమ్మిదేళ్లప్పుడు టూరు బస్సులో వెళ్లాం. గంటన్నరలో తిరిగి రాకపోతే వదిలేసి వెళ్తామన్నారు, సగం మెట్లలో నీ మంచినీళ్ల సీసా అయిపోయింది, నువ్వు ఏడుస్తుంటే చెయ్యి పట్టి కిందికి లాక్కొచ్చాను. దుర్గం చెరువు నీళ్లను మెట్టుమెట్టుకూ చక్రాలతో తోడి, గోడల్లోని మట్టి గొట్టాల గుండా పైకి పంపించినవాళ్ల కోటలో నీకు దాహమేసింది! ఆ గొట్టాలు విరిగి ఇప్పటికీ గోడల్లో కనిపిస్తాయి, ఈసారి చూపిస్తాను. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా ఆ కోట లొంగలేదు. లంచం తిన్నవాడు రాత్రిపూట లోపలినుంచి తలుపు తీశాడు.

నీకు గుర్తుందో లేదో, ఆ రోజు బాలాహిసార్ ద్వారపు గుమ్మటం కింద గైడు చప్పట్లు కొట్టి, ఇది కొండ మీద వినిపిస్తుందన్నాడు. నువ్వు చేతులు ఎర్రబడేదాకా కొట్టి, "పైన ఎవరమ్మా వింటున్నారు?" అని అడిగావు. మన గుంపంతా కిందనే ఉంది, పైన ఎవరూ లేరు. ఊరుకోరా, బస్సు పోతుంది అన్నాను. ఈసారి నా మోకాళ్లు అన్ని మెట్లు ఎక్కలేవు కాబట్టి గుమ్మటం కింద నేనుంటాను. నువ్వు పైకి వెళ్లాక ఫోను చెయ్యి, అప్పుడు కొడతాను. వినిపించిందో లేదో నువ్వే చెప్పాలి.

చలికి చెవులు కప్పుకో. నాన్నగారు ఆశీస్సులు చెప్పమన్నారు.

ఇట్లు,
అమ్మ