నాన్నా, పక్కిల్లు రెండు మైళ్ళ దూరంలో ఎందుకుందంటే

నాన్నా,

మొన్న ఫోన్లో "పక్కిల్లు రెండు మైళ్ళ అవతలంటే అదేం ఊరమ్మా" అన్నావు. అప్పుడు డ్యూటీ హడావుడిలో సరిగా చెప్పలేకపోయాను, తీరిగ్గా రాస్తున్నాను.

అమెరికాలోని ఈ పడమటి కాన్సాస్‌లో నేలంతా మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిచి పెట్టారు. ఒక్కో గడి 640 ఎకరాలు, సెక్షన్ అంటారు. 36 సెక్షన్లు కలిస్తే ఒక టౌన్‌షిప్. మన సర్వే నంబర్లలాగే అనుకో, కాకపోతే వంకర గట్టు కనపడదు. మైలుకో మట్టి రోడ్డు. దారి అడిగితే "మూడు మైళ్ళు ఉత్తరం, రెండు మైళ్ళు తూర్పు" అంటారు.

మనకి ఇళ్ళన్నీ ఒకచోట, చుట్టూ పొలాలు. ఇక్కడ ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వం నుంచి 160 ఎకరాలు దక్కాలంటే ఆ నేలలోనే ఇల్లు కట్టుకుని అయిదేళ్ళు సాగు చెయ్యాలి, అందుకని ఎవరికి వాళ్ళు దూరదూరంగా స్థిరపడిపోయారు. అంతకుముందు ఇదంతా చెయన్, అరపహో తెగలవాళ్ళు తిరిగిన నేల, వాళ్ళని వెళ్ళగొట్టి పంచిపెట్టిన భూమి. ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది నాన్నా.

యంత్రాలొచ్చాక ఒక్కో కుటుంబమే వేల ఎకరాలు చేస్తోంది, పిల్లలు సిటీలకి వెళ్ళిపోయారు. ఖాళీ పొలంలో నాలుగు చెట్లు గుంపుగా కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఇల్లుండేదన్నమాట. ఊరంటే ఇప్పుడు బడి, చర్చి, పోస్టాఫీసు, ఒక హోటలు, మా చిన్న ఆసుపత్రి, రైలు పట్టాల పక్కన ఎలివేటర్. ఎలివేటర్ అంటే లిఫ్ట్ కాదు, గోధుమలు నిలవచేసే తెల్లటి కాంక్రీటు గోపురాలు, చాలా మైళ్ళ నుంచే కనిపిస్తాయి. నాకు ఇంటికి దారి అదే.

జూన్‌లో కోతలప్పుడు ఆసుపత్రికి ఎవరూ రారు. "కోతయ్యాక చూద్దాం డాక్టర్" అంటారు, అచ్చం నీలాగే! మొన్న చెయ్యి తెగి వచ్చిన ఒక పెద్దాయన, నేను కుట్లు వేస్తుంటే రెండో చేత్తో చొక్కా జేబులోంచి నాలుగు గోధుమ గింజలు తీసి ఒకటి నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కుమంది. "రేపు కోసేయొచ్చు" అన్నాడు. నువ్వు శనగలు కొరికి చూసేది గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వాన తక్కువ ఇక్కడ. ఒగలాలా అనే భూగర్భజలం మీదే మొక్కజొన్న పండిస్తారు, చక్రాల మీద పొడవాటి పైపు గుండ్రంగా తిరుగుతూ తడుపుతుంది, విమానంలోంచి చూస్తే పచ్చటి వలయాలే. ఆ నీళ్ళు ఏటేటా దిగిపోతున్నాయి. కుట్లు విప్పించుకోడానికి వచ్చినప్పుడు ఆ పెద్దాయన కూడా తన బోరు గురించే బెంగపడ్డాడు. మనవడు వ్యవసాయానికి తిరిగొస్తానంటున్నాడట, వచ్చేసరికి నీళ్ళుంటాయో లేదోనని.

మన బోరులో నీళ్ళు ఇప్పుడు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి నాన్నా? ఫోన్లో "బాగానే ఉంది" అని దాటేస్తున్నావు. ఈసారి నిజం చెప్పు.

నీ చిన్నమ్మాయి