చెప్పని పనులకు వేసిన బిల్లు మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: తిరుపతిలోని మీ సర్వీస్ సెంటర్ నా అనుమతి లేకుండా చేసిన పనులకు వసూలు చేసిన రూ.15,520 గురించి.

అయ్యా,

నాది మీ కంపెనీ 2011 మోడల్ పెట్రోల్ కారు. ఈ ఏడాదితో 15 ఏళ్లు నిండుతాయి. ఆర్టీవో ఆఫీసులో రూ.5,000 ఫీజు కట్టి, ఇంకో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలని అనుకుంటున్నాను. అమ్మను స్విమ్స్‌కు చెకప్‌కు తీసుకెళ్లడానికి, పండగకు పలమనేరు వెళ్లిరావడానికి ఇది చాలు. అమ్మితే వచ్చేది అంతంతమాత్రం కాబట్టి దీని మీద పెట్టే ప్రతి రూపాయీ లెక్క చూసుకునే పెడతాను.

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని శబ్దం వస్తుంటే, ఆయిల్ సర్వీసుతో పాటు అది కూడా చూడమని బండి ఇచ్చాను. నోటిమాటగా చెప్పిన అంచనా రూ.4,500. జాబ్ కార్డులో (చేయాల్సిన పనులు రాసే కాగితం) "అదనపు పని ఉంటే ముందు ఫోన్ చేయాలి" అని సర్వీస్ అడ్వైజర్ చేతే రాయించి, దాని కిందే సంతకం పెట్టాను. సాయంత్రం ఫోన్ వచ్చింది, "బండి రెడీ సార్" అని. వెళితే చేతిలో పెట్టిన బిల్లు రూ.20,160.

అందులో ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసు చార్జీ కలిపి రూ.4,640. దాంతో నాకు పేచీ లేదు. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్ల ఆయిల్ అని ఉంటే బిల్లులో 3.5 లీటర్లు వేశారు. అదీ వదిలేస్తున్నాను. రెండు పక్కలా లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపి పట్టే చేతులు) మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేసినందుకు రూ.8,150. ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం), థ్రాటిల్ బాడీ క్లీనింగ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి శుభ్రం చేయడం), ఏసీ డిసిన్ఫెక్టెంట్, అండర్‌బాడీ కోటింగ్ (బండి కింద తుప్పు పట్టకుండా వేసే పూత) అని నాలుగు పేర్లతో రూ.7,370. ఈ నాలుగింటిలో ఒక్కటీ నేను అడగలేదు. ఇదేమిటని అడిగితే అడ్వైజర్ అన్న మాట: "బండి పాతది కదా సార్, ఎలాగూ చేయించాల్సిందే." డబ్బు కడితేగానీ గేట్ పాస్ ఇవ్వమన్నారు. బిల్లు కాపీ మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, కట్టి, బండి తీసుకున్నాను.

ఇంటికి వచ్చే దారిలో మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆ శబ్దం మళ్లీ వచ్చింది.

మర్నాడు మా వీధి చివరి షెడ్డులో చూపించాను. మెకానిక్ బండిని జాకీ మీద లేపి, చక్రం విప్పి, స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపేది) చేత్తో పట్టుకుని ఊపాడు. అదే టకటక. జానెడుకు కాస్త ఎక్కువ పొడవుండే ఆ కడ్డీ చివర రబ్బరు బూటు చిరిగిపోయి, లోపల గ్రీజు ఎండిపోయి, బాల్ జాయింట్ (అటూ ఇటూ తిరిగే గుండ్రటి కీలు) వదులైంది. రెండు పక్కలా లింక్‌లు మార్చాడు. పార్టులు, కూలి కలిపి రూ.1,100 అయింది. శబ్దం పోయింది. పాత లింక్‌లు రెండూ కవర్‌లో వేసి నా చేతికే ఇచ్చాడు.

మీవాళ్లు వేసిన అండర్‌బాడీ కోటింగ్ కూడా అప్పుడే కనబడింది. కింద పేరుకున్న మట్టిని కడగకుండా దాని మీదే నల్లరంగు కొట్టారు. గోటితో గీకితే పొరగా ఊడి, లోపల ఎర్రమట్టి బయటపడింది. అసలు తిరుపతికి సముద్రపు గాలి లేదు, ఈ బండికి తుప్పు పట్టిన దాఖలా లేదు. డీకార్బనైజింగ్ వల్ల ఏం మెరుగైందో కొలిచి చూపించిన కాగితమూ లేదు. మొన్ననే పొల్యూషన్ సర్టిఫికెట్‌కు బండి ఇబ్బంది లేకుండా పాసైంది.

లోయర్ ఆర్మ్‌లు పోలేదని నేను అనడం లేదు. పోయి ఉంటే విప్పినవి చూపించమన్నాను. "స్క్రాప్‌లో వేసేశాం" అన్నారు. సాధారణంగా వీటిలో ముందు అరిగేది బుష్ (ఆర్మ్‌ను బిగించే చోట ఉండే రబ్బరు తొడుగు). ఆర్మ్ వంగకుండా, బాల్ జాయింట్ బాగానే ఉంటే ప్రెస్ మెషిన్ మీద పాత బుష్ నెట్టేసి కొత్తది ఎక్కిస్తారు. ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఆ దారి ఎందుకు చెప్పలేదంటే "మా సిస్టమ్‌లో బుష్ విడిగా రాదు సార్, అసెంబ్లీయే" అన్నారు, అంటే ఆర్మ్ మొత్తం మార్చాల్సిందేనని. మీ సిస్టమ్‌లో లేకపోతే లేదని ముందే చెప్పాలి. అప్పుడు బయట చేయించుకోవాలా వద్దా అన్నది నా ఇష్టం.

ఇంకో మాట. బిల్లు కట్టిన రెండో రోజే మీ షోరూమ్ నుంచి ఫోన్. "పాత బండికి ఇంత ఖర్చెందుకు సార్, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉంది" అని. బిల్లు ఎంతైందో సేల్స్ ఆయనకు ఎలా తెలిసిందో కూడా కనుక్కుని చెప్పండి. పాత కారు వాళ్లను రిపేరు ఖర్చుతో హడలగొట్టి కొత్త కారు వైపు తోయడం మీ పద్ధతైతే, అది వ్యాపారం అనిపించుకోదు.

విడిభాగాలు బయట దొరక్కుండా చేస్తున్నారని 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లిన సంగతీ తెలుసు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టిందీ ఇలాంటి గొడవల వల్లే.

కాబట్టి, అడగని నాలుగు పనుల తాలూకు రూ.7,370 వెంటనే తిరిగి ఇవ్వండి. లోయర్ ఆర్మ్‌ల విషయంలో, విప్పిన పాతవి నాకు చూపించి అవి పోయాయని తేల్చితే ఆ డబ్బు నేను అడగను. చూపించలేకపోతే రూ.8,150 కూడా ఇవ్వాలి. నా అనుమతి ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు నుంచి తీసుకున్నారో కాల్ రికార్డుతో సహా రాతపూర్వకంగా తెలపండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. ఆ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు కాబట్టి మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి నేను రానక్కర్లేదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తిరుపతి

జత: జాబ్ కార్డు, అభ్యంతరం రాసిన బిల్లు, షెడ్డు రసీదు కాపీలు, పాత లింక్ రాడ్‌లు, ఊడిన కోటింగ్ ఫోటోలు.