పెళ్లికూతురి స్నేహితురాళ్ల ట్రిప్‌కు ముందు లెక్క, తర్వాతే టికెట్లు

సంపాదకులకు నమస్కారం.

మండపం, భోజనాలు, బంగారం అంటూ పెళ్లి ఖర్చుల గురించి పత్రికల్లో చాలానే వస్తుంటాయి. పెళ్లికి ముందు పెళ్లికూతుర్ని తీసుకుని స్నేహితురాళ్లు వెళ్లే రెండు రోజుల ట్రిప్ గురించి మాత్రం రాసేవాళ్లు తక్కువ. బ్యాచిలరెట్ అంటున్నారు దీన్ని. మంచా చెడా అన్న చర్చ వేరు. వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు, తిరిగొచ్చాక డబ్బుల దగ్గర ముఖాలు మాడ్చుకుంటున్నారు. అందులో చాలా భాగం ముందు కూర్చుని లెక్క వేసుకుంటే రాని గొడవే. అందుకే ఈ ఉత్తరం. విజయవాడ, గుంటూరు వైపు నుంచి అమ్మాయిలు హైదరాబాద్ వెళ్లే ట్రిప్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. పెళ్లికూతురితో కలిపి 8 మంది. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం సాయంత్రం బయల్దేరడం, మధ్యలో రెండు రాత్రులు.

మొదటి పని హోటళ్లు వెతకడం కాదు, ఎవరు ఎంత పెట్టగలరో తెలుసుకోవడం. దీన్ని వాట్సాప్ గ్రూపులో అడగకూడదు. గ్రూపులో ఒకరు "పదిహేను వేలు ఓకే" అనగానే మిగతావాళ్లంతా బొటనవేలు గుర్తు పెట్టేస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, ఇంకా చదువుకుంటున్న అమ్మాయి, ఇంటి లోను కడుతున్న అమ్మాయి కూడా పెట్టేస్తారు. లెక్కలు చూసే ఒకరిని ఎంచుకుని, ప్రతి ఒక్కరూ తన పరిమితిని ఆమెకు మాత్రమే విడిగా పంపాలి. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా చిన్నదే ట్రిప్ బడ్జెట్. అది ఎవరిదో ఆమె ఎవరికీ చెప్పకూడదు. ఆ అంకెకు ప్లాన్ సరిపోకపోతే ప్లాన్‌నే తగ్గించాలి, మనిషిని కాదు.

పెళ్లికూతురి వాటా సంగతి కూడా ఆ రోజే తేలాలి. ఆమె ఖర్చు మిగతా ఏడుగురూ పంచుకోవడం ఆనవాయితీ అయింది. అయితే ఆమెకు ఏమేం పెట్టుకుంటున్నామో రాసుకోరు. రానుపోను టికెట్, గది, భోజనం ఉమ్మడి నిధి నుంచి. లాడ్ బజార్‌లో కొనే గాజులు, పెళ్లి షాపింగ్ ఆమె సొంతం. ఈ గీత గీయకపోతే శనివారం మధ్యాహ్నం చార్మినార్ దగ్గర నిధి కరిగిపోవడం మొదలవుతుంది.

ఇక ప్రయాణ ఖర్చు. ఎనిమిది మందిలో ఇద్దరో ముగ్గురో హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తుంటారు. వాళ్లకు రైలు ఖర్చు ఉండదు. కాబట్టి ఎవరి టికెట్ వాళ్లే కొనుక్కోవాలి, పెళ్లికూతురి టికెట్ ఒక్కటే నిధిలోకి రావాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఒక పీఎన్‌ఆర్ మీద ఆరుగురికి మించి బుక్ కాదు, తత్కాల్‌లో అయితే నలుగురికే. ఏడో మనిషికి విడిగా బుక్ చేయాలన్న సంగతి డబ్బు కట్టే క్షణంలో తెలుసుకుంటే ఆలోపు సీట్లు అయిపోవచ్చు. ఒక అనుకూలత కూడా ఉంది. శుక్రవారం రాత్రి రద్దీ హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు, ఆదివారం రాత్రి ఆంధ్ర నుంచి హైదరాబాద్ వైపు. మీరు వెళ్లేది ఎదురు దిశలో కనుక మామూలు వారాంతాల్లో సీట్లు సులువుగా దొరుకుతాయి. సంక్రాంతి, దసరా ముందు వెనక వారాలకు ఈ మాట వర్తించదు.

ఉచిత బస్సును నమ్ముకుని లోకల్ ఖర్చు తగ్గించి వేసుకునేవాళ్లు ఉన్నారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి అమలవుతున్న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్న మహిళలకే. ఆంధ్ర చిరునామా ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత బస్సు పథకం అంతర్రాష్ట్ర బస్సులకు లేదు. అందుకే రెండు వైపులా టికెట్ డబ్బు రాసుకోవాలి.

గదుల దగ్గర తెలియక పోయే డబ్బే ఎక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గది పన్నుతో 7,875 పడుతుంది. 8,000 గది 9,440 అవుతుంది. అద్దెలో తేడా 500, జేబులోంచి పోయేది 1,565. ఇది ఒక గదికి, ఒక రాత్రికి. అలాంటి ఖరీదైన గదులున్న హోటల్లో రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 శాతమే వేస్తారు, బయట మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. పది వేల భోజనానికి ఒకచోట 1,800, ఇంకోచోట 500.

ఎనిమిది మందికి నాలుగు గదులు అక్కర్లేదు. మూడు చాలు. రెండింటిలో ముగ్గురు చొప్పున ఎక్స్‌ట్రా బెడ్‌తో, ఒకదానిలో ఇద్దరు. గది 3,000, ఎక్స్‌ట్రా బెడ్ 800 అనుకుంటే రాత్రికి 10,600, రెండు రాత్రులకు 21,200, పన్నుతో 22,260. కొన్నిచోట్ల ఎక్స్‌ట్రా బెడ్ అంటే నేల మీద పరుపే. మంచమా పరుపా అని ఫోన్లో అడగండి. ఎనిమిది మందికి మూడే స్నానాల గదులు ఉంటాయి కాబట్టి రాత్రి 8కి టేబుల్ బుక్ చేస్తే 5 గంటలకే తయారవడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే టేబుల్ పోతుంది, కట్టిన అడ్వాన్సూ పోవచ్చు.

ఊరికి దూరంగా చౌక గది దొరికిందని సంబరపడొద్దు. గదికి 500 తగ్గితే మూడు గదులకు రెండు రాత్రుల్లో మిగిలేది 3,000. మామూలు క్యాబ్‌లో నలుగురే పడతారు కాబట్టి ఎనిమిది మంది కదిలిన ప్రతిసారీ రెండు క్యాబ్‌లు కావాలి. ఒక్కోదానికి 400 అనుకున్నా నాలుగుసార్లకు 3,200. మిగిలింది లేకపోగా రాత్రి పూట దూరాభారం. సికింద్రాబాద్‌లో దిగేవాళ్లకు సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి బ్లూ లైన్ మెట్రో నేరుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా వెళ్తుంది. ఆ లైన్‌లో ఏదో ఒక స్టేషన్ పక్కన గది తీసుకుంటే పగటి ప్రయాణాలు మెట్రోలోనే అయిపోతాయి. రాత్రి పార్టీ అయ్యేసరికి మెట్రో ఉండదు, అప్పటికి క్యాబ్ డబ్బు వేరుగా ఉంచాలి.

గది ఖాయం చేసే ముందు ఇంకో మాట అడగాలి. కొన్ని హోటళ్లు అదే ఊరి చిరునామా ఉన్న ఐడీ మీద గది ఇవ్వవు. హైదరాబాద్ ఆధార్ ఉన్న స్నేహితురాలిని శుక్రవారం రాత్రి పది గంటలకు రిసెప్షన్ దగ్గర ఆపేస్తే అప్పటికప్పుడు ఇంకో గది వెతకాలి. ఎనిమిది మందీ అసలు గుర్తింపు కార్డులే తీసుకెళ్లాలి. తెలంగాణలో మద్యం తాగే వయసు 21. ఆ వయసు నిండని చెల్లెళ్లో కజిన్లో జట్టులో ఉంటే వాళ్లను లోపలికి రానిస్తారో లేదో పబ్‌ను ముందే అడగాలి.

శనివారం తిరగడానికి పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మేలు. బేరం ఆడేటప్పుడు "8 గంటలు, 80 కిలోమీటర్లు" అంటారు. ఆ కిలోమీటర్లు మీ హోటల్ నుంచి కాదు, చాలాచోట్ల బండి గ్యారేజ్‌లో బయల్దేరి మళ్లీ గ్యారేజ్ చేరేదాకా లెక్క. అదనపు గంటకు ఎంత, అదనపు కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా, రాత్రి ఛార్జీ, పార్కింగ్, టోల్ ఎవరివి అన్న ఆరు ప్రశ్నలకు జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. శుక్రవారం చౌమహల్లా ప్యాలెస్‌కు, సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, అవి శనివారం లెక్కలోనే ఉండాలి.

ఇప్పుడు మొత్తం. గదులు 22,260. పెళ్లికూతురి టికెట్లు 1,800. భోజనాలు ఎనిమిది మందికి పన్నుతో కలిపి ఇలా: శుక్రవారం రాత్రి తలకు 400, రెండు టిఫిన్లు 150 చొప్పున, రెండు మధ్యాహ్న భోజనాలు 450 చొప్పున, శనివారం రాత్రి అసలు విందు 1,200. అన్నీ కలిపి 22,400. టెంపో, క్యాబ్‌లు, మెట్రో 6,000. కేక్, అలంకరణ 2,500. ఎనిమిది మందికి కిలో కేక్ చాలు. రెండు కిలోలు తెస్తే సగం హోటల్ ఫ్రిజ్‌లోనే ఉండిపోతుంది. ప్రవేశ టికెట్లు 1,500. ఇదంతా 56,460. దీని మీద పది శాతం, అంటే 5,646, చేతిలో ఉంచుకోవాలి. మొత్తం 62,106. ఏడుగురికి పంచితే 8,872, సుమారుగా 8,900. ఈ ధరలు ఉదాహరణకు వేసినవి, మీ ధరలు పెట్టుకుని ఇదే వరుసలో వేసుకోండి. పెళ్లికూతురు కూడా వాటా వేస్తే తలకు 7,763 అయ్యేది. అంటే ఒక్కొక్కరు ఆమెకు ఇస్తున్న కానుక విలువ దాదాపు 1,100. ఈ అంకె అందరికీ తెలిస్తే మళ్లీ విడిగా గిఫ్ట్ కొందామన్న ఒత్తిడి తగ్గుతుంది.

జట్టులో చిన్న అంకె 6,500 అయితే? ఒక రాత్రి వదిలేయండి. శనివారం ఉదయం దిగి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతే గదులు 11,130, భోజనాలు 18,000, మిగతావన్నీ అలాగే ఉంచినా తలకు 6,432లో అయిపోతుంది. శనివారం విందు ఎక్కడికీ పోదు.

డబ్బు రెండు విడతల్లో వసూలు చేయాలి. గదులు, పెళ్లికూతురి టికెట్, బండి, అలంకరణ ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు. అవి 32,560, తలకు 4,651. కాబట్టి మొదటి విడత 4,700, అది తిరిగి ఇవ్వబడదు అని మొదటే చెప్పాలి. వారం ముందు రెండో విడత 4,200. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ ఒకరు చివర్లో మానుకుని మొత్తం వెనక్కి తీసుకుంటే మిగిలిన ఆరుగురి మీదా తలకు 900 పైనే అదనంగా పడుతుంది. అంత భారాన్ని మాట్లాడకుండా మోసే అమ్మాయి ఎవరో కాదు, ఆ చిన్న అంకె పంపిన అమ్మాయే. మొదటి విడత అందరి దగ్గరా వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే పట్టి ఉంచాలి. డబ్బు లెక్కలు చూసే అమ్మాయి జీతం పడే ఖాతాలోకి కాకుండా ఆమె ఇంకో ఖాతాలోకి రావాలి. లేకపోతే ఈఎంఐ కోతతో నిధి కలిసిపోయి లెక్క తేలదు. హోటల్ డిపాజిట్ అడిగితే అది తిరిగొచ్చేదే అయినా చెక్‌ఇన్ రోజు చేతిలో ఉండాలి.

మద్యం ఈ లెక్కలో లేదని గమనించే ఉంటారు. కావాలనే పెట్టలేదు. మద్యం జీఎస్టీలో లేదు, దాని మీద రాష్ట్ర పన్ను వేరే. అంతకన్నా ముఖ్యం, తాగని అమ్మాయి తాగేవాళ్ల బిల్లు పంచుకోవడం అన్యాయం. ఆర్డర్ చెప్పకముందే రెండు బిల్లులు కావాలని వెయిటర్‌కు చెప్పండి. అంతా అయ్యాక విడదీయమంటే చేయరు. పబ్‌లో కవర్ ఛార్జీ, అంటే లోపలికి వెళ్లడానికి ముందే కట్టే డబ్బు, ఉంటే అది తలకా టేబుల్‌కా, మొత్తం తిండికి మళ్లుతుందా, పన్ను పోగా మిగిలిందేనా అని అడగండి. లేడీస్ నైట్ ఆఫర్లు ఎక్కువగా వారం మధ్యలోనే, శనివారానికి అవి పనికిరావు. ఫామ్‌హౌస్ తీసుకుని అక్కడే పార్టీ చేసుకుందామనుకునేవాళ్లు మద్యం వడ్డించడానికి ఎక్సైజ్ అనుమతి ఉందా అని యజమానిని కాగితం అడగాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు, స్పీకర్లు పెట్టకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. అనుమతి లేని చోట పోయేది అద్దె ఒక్కటే కాదు, పెళ్లికి ముందు కేసు కూడా.

తేదీ విషయంలో ఇంట్లో పెద్దవాళ్ల మాట వినాలి. పసుపు కొట్టాక పెళ్లికూతుర్ని పొలిమేర దాటనివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ సంగతి తెలియక బుక్ చేసి రద్దు చేస్తే మొదటి విడత మొత్తం నీళ్లలో పోసినట్టే. పెళ్లికి మూడు నాలుగు వారాల ముందు పెట్టుకోండి. శ్రావణంలో పెళ్లయితే ఆషాఢంలో వెళ్లడం ఇంకా మంచిది. ముహూర్తాలు ఉండవు కాబట్టి పెళ్లి బృందాలు హోటళ్లను నింపేయవు.

చివరిగా హోటళ్ల, రెస్టారెంట్ల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. సర్వీస్ ఛార్జీని బిల్లులో తనంతట తాను కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా పెద్ద గుంపుల బిల్లుల్లో పది శాతం కనిపిస్తూనే ఉంది. 12,000 బిల్లుకు 1,200, దాని మీద మళ్లీ జీఎస్టీ 60. టేబుల్ బుక్ చేసేటప్పుడే తలకు అన్నీ కలిపి ఎంతో ఒక అంకె చెప్పండి. సర్వీస్ ఛార్జీ వేసిన చోట తీసేయమని అడిగే హక్కు అమ్మాయిలకు ఉంది. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లు ఫొటో దగ్గర పెట్టుకోండి.

– కొందరు పాఠకురాళ్లు, విజయవాడ